కుడివైపు బరువు

ఏడురోడ్ల కూడలిలో కళ్లజోళ్ల దుకాణం మీద
ఢిల్లేసు కంప్యూటర్ల కొట్టు.
పద్దెనిమిది మెట్లు. వరాలమ్మ రెండుసార్లు ఆగింది,
మోకాళ్ల కోసం కాదట,
కింద జీడిపప్పు బేరం ఎందాకా వచ్చిందో చూడ్డానికట.

మా దగ్గర రెండువేల రెండొందలు.
కలెక్టరాఫీసు గోడ వార కూర్చుని
అర్జీకి ఇరవై చొప్పున, ఆరు సోమవారాలు కూడబెట్టినవి.

"ల్యాప్‌టాప్‌కి ఉన్నాయి కదేటి మామ్మా, మీటలు?"
ఉన్నాయి నాయనా, అప్పడాల్లా.
నొక్కామో లేదో వేలికి చెప్పవు.
ప్రతి అక్షరానికీ తెర వైపు తలెత్తి
పడిందా తల్లీ అని అడుక్కోవాలి.

మొదట తీసిన కీబోర్డు కింద రంగుల దీపాలు పరిగెట్టాయి.
"ఇవి ఆర్పొచ్చా?"
"ఆర్పొచ్చు."
"ఆర్పితే ధర తగ్గుద్దా?"
తగ్గదట.

నీలం మీటలది టక్కుమంది.
నా వీపు దానంతటదే నిటారయింది.
వంశధార ఆఫీసులో ముప్పై ఒక్కేళ్లు యంత్రం ముందు కూర్చున్న పిల్ల
నాలోంచి లేచి రిబ్బను సర్దుకుంది.
వరాలమ్మ చెవులు మూసుకుంది.
"ఓలమ్మా, పేలాలు ఏపినట్టుంది.
అర్జీ సెప్పేవోళ్ల మాట నాకు ఇనపడద్దేటి?"
నిజమే. కష్టం చెప్పుకునేవాళ్లు గొంతు పెంచరు.
మూడో పేరాకి వచ్చేసరికి
కొందరికి గొంతే ఉండదు.

నీలం పక్కకి జరిగింది. నేనే జరిపాను.

ఎర్రవి వెన్నలో వేలు దిగినట్టు దిగాయి.
కణుపులు అల్లంకొమ్ముల్లా ఉబ్బిన వరాలమ్మ ఎడమచెయ్యి
మొహం చిట్లించకుండా వాటి మీద నడిచింది.
"ఇదే," అంది.
నా కుడిచెయ్యి ఉంచాను. మూడేళ్లుగా దానికి వణుకు.
తెర మీద పడింది:
కకకలెక్టరు గారికి.
ముగ్గురం నవ్వాం.
నేను కాస్త ఆలస్యంగా.

తేలిక మీట ముసలి చేతులన్నిటికీ మంచిదని
ఎవరు చెప్పారో మాకు.
వణికే చేతికి కొంచెం ఎదురు కావాలి,
గోడలా కాదు,
చేంతాడు లాగుతుంటే బిందె
నిండానని చెప్పినంత ఎదురు.

ఢిల్లేసు పట్టకారు లాంటిది తీశాడు.
ఒక మీట పీకాడు, పాలపన్ను ఊడినంత సుళువుగా.
"ఇది మెకానికల్ మామ్మా. దేనికది ఊడొస్తాది.
కావాల్సినకాడ కావాల్సింది గుచ్చుకోండి."

తెలుగులో కొట్టేటప్పుడు
అచ్చులూ గుణింతాలూ ఎడమచేతివి,
హల్లులు కుడిచేతివి.
ఆ పంపకం ఎవరు చేశారో గానీ
మా ఇద్దరి చేతులూ చూసే చేశారనిపించింది.
ఎడమ సగం తేలికవి ఉండనిమ్మన్నాను.
కుడి సగం బరువువి.

రెండువేల ఆరొందలన్నాడు.
పీకినవి నువ్వే ఉంచుకో, పెట్టె కూడా వద్దన్నాం.
చివరికి నూట యాభై దగ్గర ఆగిపోయింది బేరం.
అప్పుడు వరాలమ్మ కొంగుముడి విప్పింది,
పొద్దున రిక్షాకి లేవన్న డబ్బులు.

అక్షరాల స్టిక్కర్లు చీమల్లా ఉంటే
ఇంటికెళ్లి మనవరాలి తెల్ల గోళ్లరంగుతో
లావుగా దిద్దింది.
బండి ఱ మాత్రం వదిలేసింది,
దాంతో ఎవరికీ పని పడటం లేదని.

సోమవారం మొదటి అర్జీ కొత్తూరు వైపు ముసలాయనది.
పేరు చెప్పాడు. ఊరు చెప్పాడు.
ఆ ఊరిప్పుడు నీళ్లలో ఉందని చెప్పాడు.
కలెక్టరు గారికి, అని కొట్టాను.
ఒక్క క.

వంతు మారినప్పుడల్లా వరాలమ్మ గొణుగుడు:
"నీ కుడివైపంతా బరువే."
"నీ ఎడమవైపు జారిపోతోంది," అంటాను.
ముసలాయన మాకేసి చూడ్డు.
తెర మీదకి వంగి వెతుక్కుంటున్నాడు,
తన ఊరి పేరులో
ఒత్తు పడిందో లేదోనని.